ఎవరికి ఓటు వేశామో మేస్త్రీకి తెలిసిపోతుందా?

తెలియదు. ఆయన ఎంత గట్టిగా చెప్పినా నమ్మకండి. చెప్పిన గుర్తుకు వేయకపోతే పని ఉండదని, షెడ్డు ఖాళీ చేయాలని బెదిరించి ఓటరు కార్డులు కూడా తీసుకున్నాడని మీరు రాసింది చదివితే కడుపు రగిలిపోయింది. బెంగళూరులో పోలింగ్ అధికారిగా పనిచేసినప్పుడు కె.ఆర్.పురం వైపు ఒక బూత్‌లో ఈ భయాన్ని దగ్గరగా చూశాను. కర్నూలు వైపు నుంచి వచ్చిన కూలీ ఒకావిడ నేను తెలుగువాడినని గుర్తుపట్టి, వేలికి సిరా పెట్టించుకుంటూ "అయ్యా, లోపల కెమెరా ఉంటుందట, నిజమేనా?" అని మెల్లగా అడిగింది. బూత్‌లో కెమెరా పెట్టినా అది ఓటు వేసే అట్టల మరుగులోకి చూడకూడదు. అదే చెప్పాను.

పార్టీల ఏజెంట్లకు తెలిసేది ఒక్కటే, మీరు వచ్చారా లేదా అన్నది. జాబితాలో గుర్తు పెట్టుకుంటారు. మా రిజిస్టర్‌లోనూ మీ వరుస సంఖ్య, సంతకమో వేలిముద్రో ఉంటాయి తప్ప ఏ బటన్ నొక్కారో ఉండదు. ఓటింగ్ యంత్రం పక్కనుండే వీవీప్యాట్ అనే పెట్టెలో చీటీ అద్దం వెనక 7 సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది. దాని మీద అభ్యర్థి పేరు, గుర్తు ఉంటాయి కానీ మీ పేరు ఉండదు.

అయితే ఒక విషయం దాచను. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని ఓట్లు పడ్డాయో ఫలితాల్లో బయటికి వస్తుంది. "మీ పేట మాకు వేయలేదు" అని వాళ్లు అనగలరు, "నువ్వు వేయలేదు" అని అనలేరు. బెదిరింపులకు ఊపిరి పోస్తున్నది ఈ లెక్కే. కాగితపు బ్యాలెట్లున్నప్పుడు బూత్‌ల ఓట్లు కలిపి లెక్కించే వీలుండేది. యంత్రాలకూ అలా కలిపి లెక్కించే టోటలైజర్ పెట్టాలని ఎన్నికల సంఘం 2008లో ప్రతిపాదించింది, చట్టాల మార్పులపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషన్ 2015లో సమర్థించింది. అది ఇప్పటికీ అమలు కాకపోవడం పేదల పేటలకు జరుగుతున్న అన్యాయమని నా అభిప్రాయం.

ఇక కార్డుల సంగతి. 2018లో బెంగళూరు జాలహళ్లిలోని ఒక ఫ్లాట్‌లో దాదాపు 10 వేల ఓటరు కార్డులు దొరికి రాజరాజేశ్వరి నగర్ అసెంబ్లీ నియోజకవర్గంలో పోలింగే వాయిదా పడింది. కాబట్టి దీన్ని చిన్న విషయంగా తీసుకోకండి. అలాగని ఇంట్లో కూర్చోవద్దు. జాబితాలో పేరుంటే ఆధార్, ఉపాధి హామీ కార్డు, ఫొటో అతికించిన బ్యాంకు పాస్‌బుక్, వీటిలో ఏ ఒక్కటి చూపించినా ఓటు వేయనిస్తారు.

దేవుడి పటం మీద ఒట్టు వేయించుకున్నారా? ఓటు కోసం దైవాగ్రహం పేరుతో భయపెట్టడం కూడా చట్టం దృష్టిలో నేరమే. భారతీయ న్యాయ సంహిత 171, 174 సెక్షన్ల కింద ఏడాది దాకా జైలు పడవచ్చు. ఆ ఒట్టు మిమ్మల్ని కట్టిపడేయదు.

షెడ్డులో ఉంటూ మేస్త్రీ మీద ఫిర్యాదు చేయడం కష్టమని తెలుసు. ఎన్నికల కోడ్ అమల్లో ఉన్నప్పుడు ఎన్నికల సంఘం వారి సీవిజిల్ యాప్‌లో పేరు చెప్పకుండానే ఫొటో, వీడియో లేదా ఆడియో పంపవచ్చు. 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలన్నది దాని నియమం. యాప్ కుదరకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చేయండి.