నాన్నగారి మారుతి 800లో ఎస్టీమ్ ఇంజన్ బిగించవచ్చా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. రిటైరైన టీచరు మా నాన్నగారి పేరు మీద 2011 మోడల్ మారుతి 800 ఉంది, ఓఆర్-20 నంబరు. రిజిస్ట్రేషన్ గడువు 2026తో అయిపోతుంది. నేను మెకానికల్ డిప్లొమా చదివాను. పెరట్లో షెడ్డు వేసుకుని పాత బళ్ళు బాగుచేస్తుంటాను. శ్రీకాకుళం వైపు ఒక స్క్రాప్ షాపులో, మారుతి వాళ్ళదే మరో కారు ఎస్టీమ్ 1.3 ఇంజన్, గేర్‌బాక్సుతో సహా కొన్నాను. తెల్లకాగితం రసీదు తప్ప వేరే కాగితం లేదు. పాత ఇంజన్ ఇంకా దింపలేదు. మార్చేశాక 14 రోజుల్లో ఆర్టీఓకి చెబితే చాలని స్నేహితులు అంటున్నారు. బండి ఎక్కువగా మా జీడితోటలోనే తిరుగుతుంది, అప్పుడప్పుడూ పాతపట్నం వెళ్ళొస్తాను. ఏమైనా ఇబ్బంది ఉంటుందా?

జవాబు: పాత ఇంజన్ ఇంకా దింపలేదన్నారు, అదే మేలు. దింపకండి.

మీ స్నేహితులు చెప్పింది సగమే నిజం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ మూడో ఉపసెక్షన్‌లో 14 రోజుల గడువు ఉంది. కానీ అసలు నిషేధం మొదటి ఉపసెక్షన్‌లో ఉంది: కంపెనీ నిర్దేశించిన వివరాలకూ ఆర్‌సీలోని వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు. మూడో ఉపసెక్షన్ ఈ నిషేధాన్ని ఎత్తెయ్యదు. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్ళిన కేసులో సుప్రీంకోర్టు ఈ మాటే గట్టిగా చెప్పింది, కంపెనీ అసలు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదంది. కాబట్టి పని అయ్యాక మీరు ఆర్టీఓకి రాసిచ్చే కాగితం అనుమతి తెచ్చిపెట్టదు. తప్పు చేశామని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు అవుతుంది.

ఇక్కడ మారేది ఇంజన్ నంబరు ఒక్కటే కాదు. మీ 800లో ఉన్నది 796 సీసీ, 3 సిలిండర్ల ఇంజన్, సుమారు 37 హార్స్ పవర్. ఎస్టీమ్‌ది 1298 సీసీ, 4 సిలిండర్లు. ఎంపీఎఫ్ఐ (ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో చిమ్మే) రకమైతే 85 హార్స్ పవర్ దాకా ఇస్తుంది. సీసీ, సిలిండర్ల సంఖ్య, ఇంజన్ నంబరు అన్నీ ఆర్‌సీలో నమోదై ఉంటాయి. రెన్యువల్‌కి వెళ్ళిన రోజు ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తించి, ఇంజన్ బ్లాక్ మీది జిడ్డు గుడ్డతో తుడిపించి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు అచ్చు తీసుకుంటారు. ఆ అచ్చు ఆర్‌సీతో కలవకపోతే 55వ సెక్షన్ కింద, మీ సంజాయిషీ విన్నాక, రిజిస్ట్రేషన్‌నే రద్దు చేసే అధికారం వాళ్ళకుంది. మీ గడువు 2026 కాబట్టి ఈ తనిఖీ ఎంతో దూరంలో లేదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది బండి నాన్నగారి పేరు మీద ఉండటం. పని చేసేది మీరైనా 182ఏ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ శిక్ష వేసేది యజమానికి. చట్టం అనుమతించని మార్పు చేసిన యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇంజన్ ఒక మార్పు, గేర్‌బాక్సు ఇంకొకటి, సైలెన్సరు మారిస్తే అది మరొకటి అని లెక్కకట్టవచ్చు. జీవితమంతా పాఠాలు చెప్పుకున్న మనిషి ఈ వయసులో మీ సరదా కోసం కోర్టు వాయిదాలకు తిరగాలా? నాకైతే న్యాయంగా అనిపించదు. ఆయనకు ఈ సంగతంతా తెలుసో లేదో కూడా మీరు రాయలేదు.

మీ గురించి కూడా ఒక మాట. డబ్బు తీసుకుని ఊళ్ళోవాళ్ళ బళ్ళు బాగుచేస్తున్నారేమో నాకు తెలియదు గానీ, ఈ చట్టంలో 'డీలరు' అన్న నిర్వచనంలోకి బండ్లు రిపేరు చేసే వ్యాపారస్తుడు కూడా వస్తాడు. నిబంధనలకు విరుద్ధంగా బండిని మార్చిన డీలరుకి 182ఏ మొదటి ఉపసెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా బండికి లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. రేపు ఎవరైనా తమ బండికీ ఇలా చేసిపెట్టమని అడిగితే ఇది గుర్తుంచుకోండి.

జరిమానా కట్టి బయటపడవచ్చు. కట్టలేనిది ప్రమాదం జరిగితే వచ్చే భారం. థర్డ్ పార్టీ బీమాకి, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి, కట్టే ప్రీమియం సీసీని బట్టి ఉంటుంది. 2022 జూన్ నుంచి అమలైన రేట్లలో 1000 సీసీ లోపు కారుకి 2,094 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీకి 3,416 రూపాయలు. అంటే పెద్ద ఇంజన్ పెట్టుకుని చిన్న ఇంజన్ ప్రీమియం కట్టినట్టవుతుందన్నమాట. ముఖ్యమైన విషయం దాచి తీసుకున్న పాలసీ చెల్లదని వాదించే హక్కు 150వ సెక్షన్ బీమా కంపెనీకి ఇచ్చింది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆ వాదన నెగ్గితే, దెబ్బతిన్నవారికి కంపెనీ ముందు చెల్లించినా తరువాత ఆ సొమ్ము యజమాని దగ్గర వసూలు చేసుకోమని ఉత్తర్వు రావచ్చు. లక్షల్లో ఉండే ఆ మొత్తం మీ నాన్నగారి పింఛను మీద, ఇంటి మీద పడుతుంది. మీ సొంత బండి నష్టం క్లెయిమ్ సంగతి ఇక చెప్పక్కర్లేదు. 12 అంగుళాల చక్రాలు, 37 హార్స్ పవర్‌కి సరిపోయే బ్రేకులు ఉన్న సుమారు 650 కిలోల బండిలో రెట్టింపుకు మించిన శక్తి పెట్టారని బీమా సర్వేయరు రాస్తే, దాని అర్థం ఏ జడ్జికైనా తెలుస్తుంది. ప్రాణం పోతే నడిపినవారి మీద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కేసు, 5 ఏళ్ళ దాకా శిక్ష.

జీడితోట మాట. తోట మనదే కదా, ఎవరు అడుగుతారు అని చాలామంది అనుకుంటారు. 39వ సెక్షన్ రాసింది 'బహిరంగ ప్రదేశంలో గానీ, మరే ఇతర ప్రదేశంలో గానీ' రిజిస్ట్రేషన్ లేని బండి నడపకూడదని. కాబట్టి రిజిస్ట్రేషన్ రద్దయ్యాక తోట కూడా మిమ్మల్ని కాపాడదు. పాతపట్నం వెళ్తే అది ఆంధ్రప్రదేశ్, వేరే రాష్ట్రం కదా అని కూడా అనుకోకండి. చట్టం దేశమంతటికీ ఒకటే. 53వ సెక్షన్ కింద తన పరిధిలో ప్రమాదకరంగా కనిపించిన బండి రిజిస్ట్రేషన్‌ని అక్కడి అధికారి కూడా సస్పెండ్ చేయవచ్చు, సంగతి మీ గజపతి జిల్లా ఆర్టీఓకి చేరుతుంది. కేసు శ్రీకాకుళం జిల్లాలో పడితే వాయిదాలకు తిరగాల్సింది మీరే.

మరి దారి ఏది? ఉంది, కానీ మీరు ఆశించినంత జోరుగా ఉండదు. మీ 800 ఇంజన్ అరిగిపోయి ఉంటే దాన్నే బోరింగ్ చేయించి, పిస్టన్లు మార్చి బాగుచేసుకోండి. నంబరు మారదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. బ్లాక్ పగిలి పనికిరాకపోతే అదే కంపెనీ, అదే రకం ఇంజన్ తెచ్చుకుని, బిగించకముందే నాన్నగారి చేత పర్లాకిమిడి ఆర్టీఓకి దరఖాస్తు పెట్టించి, అనుమతి వచ్చాకే బిగించి, కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి ఇంధన మార్పులకు 52వ సెక్షన్‌లోనే వెసులుబాటు ఉంది, అయితే ఆమోదం పొందిన కిట్టు, అధీకృత ఫిట్టరు ఉండాలి. వేగం మీదే ఆసక్తి అయితే, లైసెన్సు తీసుకుని మోటారు స్పోర్ట్స్ వాళ్ళ మూసిన ట్రాక్ మీద పోటీ చేయండి. మీ చేతిలో పనితనం ఉంది, అది అక్కడ రాణిస్తుంది. రెన్యువల్‌కి గడువు ముందు 60 రోజుల లోపు ఫారం 25తో దరఖాస్తు చేయండి, ఆ రోజు బానెట్ కింద ఉన్నది ఆర్‌సీలో ఉన్నదే అయి ఉండాలి.

షెడ్డులో ఉన్న ఎస్టీమ్ ఇంజన్ సంగతి తేల్చుకోవడం ఇప్పుడు తొందర పని. తుక్కుకి వెళ్ళిన బండి ఆర్‌సీని యజమాని రద్దు చేయించుకోవాలి. ఆ రద్దు కాగితం నకలు, షాపు పేరుతో ఇంజన్ నంబరు వేసిన బిల్లు ఇమ్మని అమ్మినవారిని అడగండి. దొంగసొత్తు అని తెలిసో, అలా నమ్మడానికి కారణం ఉండో దగ్గర ఉంచుకుంటే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద 3 ఏళ్ళ దాకా జైలు. కాగితాలు ఇవ్వలేమంటే ఇంజన్ వెనక్కి ఇచ్చి మీ డబ్బు అడగండి. దాటవేస్తే ఆ తెల్లకాగితం రసీదు, నంబరు కనిపించేలా తీసిన ఇంజన్ ఫోటోలు, డబ్బు పంపిన ఫోన్ రికార్డు పట్టుకుని రండి, నోటీసు ఇద్దాం.