మూడు రోజుల్లో నాలుగు ఊళ్ళా?

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాది విజయవాడ, నా వయసు 64. మా అబ్బాయి మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెప్టెంబరు నెలాఖరుకి నేనూ మా ఆవిడా వాడి దగ్గరికి వెళ్తున్నాం. అక్టోబరు 3 అక్కడ జాతీయ సెలవు, ఈసారి శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలుపుకుని మూడు రోజుల్లో సాల్జ్‌బర్గ్, వియన్నా, బుడాపెస్ట్, ప్రాగ్ చూపించేస్తానంటున్నాడు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరం శాకాహారులం, ఆవిడైతే గుడ్డు కూడా ముట్టదు. నాకేమో ఏదైనా పాత ఊళ్ళో నది ఒడ్డున తీరిగ్గా కూర్చోవాలని ఉంది. వాడి ఉత్సాహం కాదనలేను, ఆ పరుగు పరిగెత్తలేను. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అన్నయ్యగారూ, ఆ లిస్టు మీవాడి ఫోన్లోనే ఉండనివ్వండి. అలా తిరిగితే మీరు చూసేది నాలుగు రైల్వే స్టేషన్లు, నాలుగు హోటల్ రిసెప్షన్లు. మ్యూనిక్ నుంచి రైల్లో గంటన్నర వెళ్తే రేగెన్స్‌బుర్గ్ అని ఒక ఊరుంది, డాన్యూబ్ ఒడ్డున. మూడు రోజులూ అక్కడే ఉండండి.

మా మేనకోడలు ఆ ఊళ్ళో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళ కిందట నేనూ మావారూ దాని దగ్గర పన్నెండు రోజులున్నాం. నేను రాజమండ్రి దాన్ని. మొదటిరోజు డాన్యూబ్‌ని చూసి "ఇదేనా!" అని పైకే అనేశాను. గోదావరి చూసిన కళ్ళకు అది పెద్ద కాలవలా కనిపించింది. పాత రాతి వంతెన మొత్తం పొడవు మూడు వందల మీటర్ల పైచిలుకు, అంతే. సాయంత్రం ఆ వంతెన పిట్టగోడ మీద మోచేతులు ఆనించి కిందికి చూశాక గానీ నా నోరు మూతపడలేదు. ఒక్కో స్తంభం చుట్టూ చిన్న లంకలాగా రాళ్ళు కట్టి ఉంటాయి. నది వెడల్పులో సగానికి సగం అవే ఆక్రమిస్తే నీళ్ళు ఏం చేస్తాయి? ఉన్న సందుల్లోంచి తోసుకుంటూ దూకుతాయి. అవతలికి రాగానే సుడులు. ఒక ఎండుటాకు సుడిలో పడి ఎన్ని చుట్లు తిరిగి బయటపడుతుందో లెక్కపెడుతూ మావారు నలభై నిమిషాలు నిలబడ్డారు. మీకు కావలసిన తీరిక అంటే అలాంటిదే అనుకుంటున్నాను.

ఆ వంతెన 1135లో మొదలై 1146కి పూర్తయింది. మన హనుమకొండ వేయి స్తంభాల గుడి 1163 నాటిది; దానికంటే 17 ఏళ్ళు పెద్దదన్నమాట. దాదాపు ఎనిమిది వందల ఏళ్ళ పాటు ఆ ఊరికి డాన్యూబ్ దాటడానికి అదొక్కటే వంతెన. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో వెనక్కి తగ్గుతూ జర్మన్ సైన్యమే కొన్ని కమానులు పేల్చేసింది, తర్వాత మళ్ళీ కట్టారు. ఊరు మాత్రం బాంబుల నుంచి చాలావరకు తప్పించుకుంది, అందుకే ఇప్పుడు చూడగలుగుతున్నాం. వంతెన మీదికి కార్లు రావు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు మాత్రమే. మధ్యలో కాస్త మూపురంలా ఎత్తుగా ఉంటుంది. దానికో కథ చెబుతారు. వంతెన కట్టే మేస్త్రీకీ, చర్చి కట్టే మేస్త్రీకీ ఎవరు ముందు పూర్తిచేస్తారని పందెం. వంతెన మేస్త్రీ సైతాను సాయం అడిగి, ముందుగా దాటే మూడు ప్రాణాలు నీకే అని మాటిచ్చాడు. పని అయ్యాక ఒక కోడిపుంజునీ, పెట్టనీ, కుక్కనీ తోలాడు. సైతానుకి ఒళ్ళు మండి కింద నుంచి ఒక్క తోపు తోస్తే ఆ మూపురం వచ్చిందట. నిజానికి ఇప్పుడున్న చర్చి మొదలైంది వంతెన పూర్తయిన నూరేళ్ళకు పైగా గడిచాక. అయినా కథకి అవన్నీ ఎందుకు!

ఇక బస. వంతెన అవతలి ఒడ్డున స్టాట్ఆమ్‌హోఫ్ అనే పేట ఉంది. 1924 దాకా అది వేరే ఊరు. వంటగది ఉన్న అద్దె ఇల్లు అక్కడ చూడమనండి, రోజుకి రెండుసార్లు వంతెన దాటే సాకు దొరుకుతుంది. బుక్ చేసేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగమనండి: లిఫ్ట్ ఉందా? పాత ఇళ్ళకు చాలావాటికి ఉండదు. మీ ఆవిడకి మూడో అంతస్తు చెక్కమెట్లంటే ట్రిప్పు మొదటిరోజే అయిపోతుంది. వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి, చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేసుకోమనండి.

సరుకుల సంగతి మీవాడికి తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను. శుక్రవారం సెలవు, ఆదివారం ఎలాగూ షాపులు మూస్తారు. మధ్యలో శనివారం ఒక్కరోజే తెరిచి ఉంటాయి. పాలు, పెరుగు, కూరలు గురువారమే కొని పట్టుకెళ్ళండి. ఇక్కడి నుంచి నెయ్యి డబ్బా మాత్రం సూట్‌కేసులో పెట్టకండి. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్ళు పాల సరుకులు తీసుకురాకూడదని నిబంధన. అక్కడి సూపర్‌మార్కెట్‌లో బుట్టర్‌ష్మాల్ట్స్ అని దొరుకుతుంది, అది మన నెయ్యిలాంటిదే. కందిపొడీ ఆవకాయా మీరు పట్టుకెళ్తే చాలు.

బయట తిండి దగ్గర జాగ్రత్త. వంతెన పక్కనే బొగ్గుల మీద సాసేజీలు కాల్చే చిన్న వంటశాల ఉంది, చాలా పాతది, పొగ వాసన వీధంతా కొడుతుంది. మనకు పనికిరాదు గానీ వరద ఎంతెత్తు వచ్చిందో దాని గోడ మీద గుర్తులున్నాయి, అవి చూడండి. నేను ఒక హోటల్లో "మాంసం లేని" బంగాళాదుంప సూప్ అడిగాను. తీరా వస్తే అందులో పంది మాంసం ముక్కలు తేలుతున్నాయి. అడిగితే ఆ పిల్ల అమాయకంగా, అది మాంసం కాదండీ, ష్పెక్ అంది! అందుకని "ఓనె ఫ్లైష్, ఓనె ష్పెక్" (మాంసం వద్దు, ష్పెక్ కూడా వద్దు) అని రెండూ కలిపి చెప్పండి. కేజెష్పెట్స్‌లె అనే చీజ్ వంటకం శాకాహారమే గానీ పిండిలో గుడ్డు ఉంటుంది, మీ ఆవిడకి కుదరదు. ముడివేసిన రొట్టె బ్రెత్సెన్‌లో కొన్ని బేకరీలు పంది కొవ్వు వాడతాయి, అడిగి కొనండి.

చూడవలసినవి రోజుకొకటి చాలు. శనివారం పడవెక్కి వాల్‌హల్లాకి వెళ్ళండి. బవేరియా రాజు మొదటి లూడ్విగ్ 1842లో పూర్తిచేయించిన పాలరాతి మందిరం, ఏథెన్స్‌లోని పాత గ్రీకు గుడి పార్థినాన్ నమూనాలో కట్టారు. లోపల జర్మన్ భాషా ప్రపంచపు గొప్పవాళ్ళ శిల్పాలు వరసగా ఉంటాయి, ఐన్‌స్టీన్‌తో సహా. పడవ దిగాక మాత్రం మూడు వందల పైచిలుకు మెట్లు! మావారు ఎక్కారు, నేను కింద బెంచీ మీద కూర్చుని జంతికలు తిన్నాను. నాకేమీ లోటనిపించలేదు. మీ ఆవిడ పైకి చూస్తానంటే వెనకవైపు నుంచి రోడ్డుంది, టాక్సీలో వెళ్ళండి. అక్టోబరులో పడవలు ఇంకా నడుస్తాయి గానీ వేళలు ముందురోజు చూసుకోండి. ఉదయం నది మీద పొగమంచు ఉండొచ్చు, స్వెట్టరు మర్చిపోకండి.

ఆదివారం ఉదయం పెద్ద చర్చిలో కూర్చోండి. అక్కడ పాడే పిల్లల బృందాన్ని డోమ్‌ష్పాట్సెన్ అంటారు, "చర్చి పిచ్చుకలు" అని అర్థం. స్కూళ్ళకు సెలవులు లేని ఆదివారాల్లో ప్రార్థనలో పాడతారు. లోపల స్తంభం దగ్గర పళ్ళు కనబడేలా నవ్వే రాతి దేవదూత ఉంటాడు. ఏడు వందల ఏళ్ళకు పైగా అదే నవ్వు.

తిరుగు రైలు గురించి ఒక మాట. మ్యూనిక్‌లో అక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు జాతర ఆ ఆదివారంతోనే ముగుస్తుంది. మధ్యాహ్నం రైళ్ళలో తోలు నిక్కర్ల జనం కిక్కిరిసి ఉంటారు, రాత్రి భోజనం చేసి బయల్దేరండి. ముగ్గురికీ కలిపి ఒకే బయెర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రమంతా చెల్లే ఒకరోజు టికెట్) తీసుకోమనండి, ఐదుగురి దాకా చెల్లుతుంది. లోకల్, రీజనల్ రైళ్ళకే సుమా, ఐసీఈ అనే వేగం రైలెక్కితే జరిమానా.

ప్రశ్న: మేడమ్, నేను మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. రేగెన్స్‌బుర్గ్‌ని ఒక్కరోజులో, పెద్దగా ఖర్చు లేకుండా చూడొచ్చా? పరీక్షల టెన్షన్ నుంచి కాస్త బయటపడాలి.
— ఒక విద్యార్థిని

జవాబు: చూడొచ్చమ్మా. దేశమంతా లోకల్, రీజనల్ రైళ్ళలో చెల్లే నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్ నీ దగ్గర ఉంటే రైలుకి కూడా వేరే ఖర్చు లేదు. చర్చికి టికెట్ లేదు. దాని వెనక సందులో రోమన్ల కోట ద్వారం, పోర్టా ప్రెటోరియా, మామూలు ఇంటి గోడలో కలిసిపోయి ఉంటుంది, క్రీ.శ. 179 నాటి కోటది. వెతుక్కుంటూ ముందుకెళ్ళిపోకు, నేను రెండుసార్లు దాటిపోయాను. పాత టౌన్‌హాల్‌కి మాత్రం డబ్బు కట్టి గైడ్‌తో వెళ్ళాలి. 1663 నుంచి 1806 దాకా పవిత్ర రోమన్ సామ్రాజ్యపు సభ చాలావరకు అక్కడే నడిచింది. పనిని వాయిదా వేయడాన్ని జర్మన్‌లో "పొడవాటి బల్ల మీదికి తోయడం" అంటారు కదా, ఆ మాట అక్కడే పుట్టిందని ఊళ్ళోవాళ్ళు చెప్పుకుంటారు. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ చనిపోయిన ఇల్లు కూడా ఆ దగ్గర్లోనే. తనకు రావలసిన బాకీ డబ్బు కోసం 1630 నవంబరులో గుర్రమెక్కి వచ్చి, జ్వరం తగిలి, ఆ ఊళ్ళోనే పోయాడు పాపం.

మిగతా సమయం వంతెన కింద యాన్ లంక గడ్డి మీద పుస్తకం పెట్టుకుని పడుకో. అక్కడి కుర్రాళ్ళంతా చేసేది అదే. నీకు ఈత వచ్చినా సరే, ఆ సుడుల దగ్గర నీళ్ళలోకి మాత్రం దిగొద్దు.