టెక్ సందేహాలు: మనిషి మారినా మారని యాక్సెస్

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి వెనక ఉన్నది ఒకటే ఇబ్బంది. క్లౌడ్‌లో ఎవరికి ఏది తెరుచుకోవాలో తేల్చే గ్రూపులను ఇంకా చేత్తోనే నడుపుతున్నారు. ఇది అడ్మిన్ల సొంత తలనొప్పిలా కనిపిస్తుంది గానీ, చివరికి అందరి సమాచారానికీ సంబంధించిన సంగతి. అందుకే ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలను పక్కన పెట్టి ఈసారి చోటంతా దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: మా సంస్థలో 180 మంది ఉన్నాం. కొత్తవాళ్లు చేరితే టికెట్ వస్తుంది, నేను ఒక్కో గ్రూపులోకి వెళ్లి పేరు చేరుస్తాను. ఈమధ్య అకౌంట్స్ నుంచి మార్కెటింగ్‌కి మారినామె వచ్చి, జీతాల ఫోల్డర్ తనకింకా తెరుచుకుంటోందని చెప్పింది. ఆమె మారి ఎనిమిది నెలలైంది. ఇదంతా దానంతటదే జరగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఆమె చెప్పబట్టి మీకు తెలిసింది. చెప్పనివాళ్లు ఎందరున్నారో ముందు చూడాలి. రావాల్సిన యాక్సెస్ రాకపోతే పది నిమిషాల్లో ఫోన్ చేస్తారు. అక్కర్లేని యాక్సెస్ ఇంకా మిగిలే ఉందని మాత్రం ఎవరూ టికెట్ పెట్టరు. కాబట్టి కొత్తవాళ్లను చేర్చే శ్రమ తగ్గితే చాలనుకోకండి. మారినవాళ్లను, వెళ్లిపోయినవాళ్లను వేళకు తీసేయడమే అసలు పనిగా పెట్టుకోండి.

అందుకు కావాల్సిన ఏర్పాటు మీరు వాడే క్లౌడ్‌లోనే ఉండొచ్చు. 2023 దాకా అజూర్ ఏడీగా పిలిచి, ఇప్పుడు ఎంట్రా ఐడీ అంటున్న, ఉద్యోగుల అకౌంట్లనూ గ్రూపులనూ చూసుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసులో డైనమిక్ గ్రూపు (రూల్‌ని బట్టి సభ్యులు వాళ్లంతటవాళ్లే చేరే గ్రూపు) పెట్టి, ‘డిపార్ట్‌మెంట్ అకౌంట్స్ అయినవాళ్లంతా’ అని అర్థమొచ్చే రూల్ రాస్తారు. యూజర్ వివరం మారితే సభ్యుల లెక్క అదే మళ్లీ వేసుకుంటుంది. ఇలాంటి గ్రూపులో చేత్తో ఎవరినీ చేర్చలేరు, తీయలేరు. ఇది ఇబ్బందని కొందరంటారు. నా దృష్టిలో దాని బలమే అది, ‘ఈ ఒక్కరికీ ఇచ్చేయండి’ అన్న దారి మూసేస్తుంది. దీనికి ఎంట్రాలో పీ1 అనే డబ్బు కట్టే లైసెన్సు కావాలి. గూగుల్‌లో డైనమిక్ గ్రూపులు క్లౌడ్ ఐడెంటిటీ ప్రీమియం లాంటి పై ప్లాన్లలో దొరుకుతాయి. ఐబీఎం క్లౌడ్ వీటిని యాక్సెస్ గ్రూపులనే అంటుంది. అక్కడ డైనమిక్ రూల్‌ని లాగిన్ అయ్యేటప్పుడు చూస్తుంది, అలా వచ్చిన సభ్యత్వం మీరు పెట్టిన గడువును బట్టి 1 నుంచి 24 గంటలే నిలుస్తుంది. అమెజాన్ క్లౌడ్ వాడేవాళ్లు అక్కడ లాగిన్లు చూసే ఐఏఎం ఐడెంటిటీ సెంటర్‌లోకి తమ ఐడెంటిటీ ప్రొవైడర్ (ఎంట్రా లాంటి, ఉద్యోగుల అకౌంట్లుండే సర్వీసు) నుంచి గ్రూపులను తెచ్చుకోవడం మేలు. పాత ఐఏఎం గ్రూపుల్లో ఒక యూజర్‌ని 10 గ్రూపులకు మించి చేర్చలేరు, గ్రూపులో గ్రూపు పెట్టడమూ కుదరదు.

అయితే రూల్ రాసేముందు ఒక పూట కూర్చుని చేయాల్సిన పని ఉంది. యూజర్ల జాబితాను స్ప్రెడ్‌షీట్‌లోకి దించి, డిపార్ట్‌మెంట్ కాలమ్‌లో ఎన్ని వేర్వేరు పేర్లున్నాయో చూడండి. నేను చూసిన ఒక జాబితాలో ఒక్క అకౌంట్స్ విభాగమే నాలుగు రకాలుగా ఉంది. అకౌంట్స్, అకౌంట్స్ డిపార్ట్‌మెంట్, ఫైనాన్స్ అండ్ అకౌంట్స్, మధ్యలో అనవసరంగా ఒక స్పేస్ పడిన అకౌంట్స్ డిపార్ట్‌మెంట్. ఆ నాలుగోది కంటికి ఆనదు. రూల్‌కి మాత్రం అది వేరే మాటే, ఆ వరుసల్లో ఉన్నవాళ్లు గ్రూపులోకి రారు. పేరు బదులు విభాగానికో కోడ్ పెట్టి, హెచ్ఆర్ వాళ్లు దాన్ని జాబితాలోంచి ఎంచుకునేలా చేస్తే ఈ బెడద తీరిపోతుంది. హెచ్ఆర్ రికార్డు శుభ్రంగా లేకుండా ఎంత మంచి రూల్ రాసినా తప్పులే వేగంగా జరుగుతాయి.

ఆ కాలమ్‌ని ఎవరెవరు మార్చగలరో కూడా చూడండి. ఉద్యోగి తన ప్రొఫైల్ పేజీలో డిపార్ట్‌మెంట్‌ని తనే మార్చుకోగలిగితే, జీతాల ఫోల్డర్ తాళం అతని చేతికిచ్చినట్టే. రూల్‌లో వాడే ప్రతి వివరం హెచ్ఆర్ సిస్టమ్ నుంచే రావాలి, ఇంకెక్కడా మార్చే వీలుండకూడదు.

పాత గ్రూపునే డైనమిక్‌గా మార్చేద్దామన్న ఆలోచన వస్తుంది. తొందరపడకండి. ఎంట్రాలో అలా మారిస్తే పాత సభ్యులందరినీ ముందు తీసేసి, తర్వాత రూల్ ప్రకారం చేరుస్తుంది. ఆ మధ్యలో పనులు ఆగొచ్చు. పక్కనే కొత్త డైనమిక్ గ్రూపు పెట్టి, రెండు జాబితాలనూ ఎదురెదురుగా ఉంచి చూడండి. పాతదాంట్లో ఉండి కొత్తదాంట్లో లేని ప్రతి పేరు గురించీ ఆ విభాగం మేనేజర్‌ని అడగండి. మీరు చెప్పినామె లాంటివాళ్లంతా అక్కడే బయటపడతారు.

ప్రశ్న: నేను పైథాన్‌లో స్క్రిప్టు రాశాను. రోజూ రాత్రి హెచ్ఆర్ ఫైలు చదివి గ్రూపులను సరిచేస్తుంది. మూడు వారాలుగా బాగానే నడుస్తోంది. దీన్ని నమ్మొచ్చా?

జవాబు: ఒక్కటడుగుతాను. ఆ ఫైలు ఏదో ఒక రాత్రి ఖాళీగా వస్తే మీ స్క్రిప్టు ఏం చేస్తుంది?

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన చోట ఇదే జరిగింది. ఫైలు వచ్చింది, అందులో కాలమ్‌ల పేర్లుండే హెడర్ వరుస ఒక్కటే ఉంది. స్క్రిప్టు దాన్ని చదివి ‘ఈ గ్రూపులో ఎవరూ ఉండకూడదు’ అని అర్థం చేసుకుని ఒక్కొక్కరినే తీసేసుకుంటూ పోయింది. తెల్లారి చూస్తే లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. అన్ని వరుసల చివరా ‘సక్సెస్’ అనే ఉంది. ఆ లాగ్ నాకింకా కళ్లముందే ఉంది. స్క్రిప్టు చెప్పినట్టే చేసింది, ఆగమని దానికెవరూ చెప్పలేదు.

అందుకని స్క్రిప్టు నేరుగా గ్రూపుల మీద చెయ్యి వేయకూడదు. ముందు చేర్చాల్సిన పేర్లు, తీయాల్సిన పేర్లు రెండు జాబితాలుగా తయారుచేయాలి. తీయాల్సినవి ఒక హద్దు దాటితే అక్కడే ఆగి మీకు మెయిల్ పంపాలి. ఆఫీసు సర్వర్‌లోని అకౌంట్లను ఎంట్రాకి పంపే ఎంట్రా కనెక్ట్‌లో ఇలాంటి రక్షణ ముందే ఉంది. ఒక విడతలో 500కు మించి అకౌంట్లు, గ్రూపుల లాంటివి చెరిగిపోబోతుంటే ఆ చెరిపివేతను ఆపేస్తుంది. కానీ 500 అన్నది పెద్ద సంస్థలకు పనికొచ్చే అంకె. పై ప్రశ్నలోని 180 మంది ఉన్న సంస్థలో మొత్తం ఉద్యోగులు చెరిగిపోయినా ఆ గంట మోగదు. హద్దు మీ సంఖ్యను చూసి మీరే పెట్టుకోవాలి. వంద మంది ఉన్న చోట ఒక రాత్రి ఐదుగురికి మించి తీయాల్సి వస్తే మనిషి చూడాల్సిందేనని నేనంటాను.

స్క్రిప్టు ఏ అకౌంట్‌తో నడుస్తోందో కూడా చూడండి. అన్ని అధికారాలూ ఉండే గ్లోబల్ అడ్మిన్‌తో నడుపుతుంటే ఇవాళే మార్చండి. గ్రూపు సభ్యులను మార్చడానికి సరిపడా అధికారం ఉంటే దానికి చాలు.

ప్రశ్న: గ్రూపులు, పర్మిషన్లు అన్నీ టెర్రాఫామ్‌లో (క్లౌడ్ ఏర్పాట్లను కోడ్‌గా రాసుకునే టూల్) రాసుకున్నాం. మనుషుల పేర్లు కూడా అందులోనే రాయొచ్చా?

జవాబు: రాయొచ్చు, నేనైతే రాయను. ఏ గ్రూపుకి ఏ అధికారం ఉందన్నది కోడ్‌లో ఉండటం చాలా మంచిది. ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో కనబడుతుంది. మనుషులు మాత్రం రోజూ మారతారు, వాళ్లు హెచ్ఆర్ వైపు నుంచి రావాలి. ఒకే గ్రూపును టెర్రాఫామ్, హెచ్ఆర్ నుంచి పేర్లు తెచ్చే సింక్ రెండూ చూసుకుంటుంటే ఒకటి చేర్చినవాళ్లను ఇంకొకటి తీసేస్తుంది, మీరు కారణం వెతుక్కుంటూ ఉంటారు.

ప్రశ్న: ఒకతన్ని గ్రూపులోంచి తీసేశాను. గంట తర్వాత కూడా అతను యాప్ వాడుతున్నాడు. సింక్ పాడైందా?

జవాబు: సింక్ బాగానే ఉండి ఉంటుంది. లాగిన్ అయినప్పుడు యాప్‌కి ఒక టోకెన్, అంటే కొంతసేపే చెల్లే పాస్ లాంటిది, వస్తుంది. దాని గడువు తీరేదాకా చాలా యాప్‌లు గ్రూపులను మళ్లీ చూడవు. ఎంట్రాలో ఈ యాక్సెస్ టోకెన్ మామూలుగా 60 నుంచి 90 నిమిషాలు ఉంటుంది. అమెజాన్ ఐడెంటిటీ సెంటర్‌లో ఒక పర్మిషన్ సెట్ (ఒకరికిచ్చే అధికారాల కట్ట) సెషన్ మామూలుగా గంట, పెంచుకుంటే 12 గంటల దాకా.

విభాగం మారినవాళ్ల విషయంలో ఈ ఆలస్యాన్ని సహించొచ్చు. ఉద్యోగం మానేసినవాళ్ల విషయంలో కుదరదు. వాళ్లకు ముందు అకౌంట్ ఆపేయండి, తర్వాత నడుస్తున్న సెషన్లను రద్దు చేయండి, గ్రూపుల సంగతి ఆ తర్వాత. మీ ఆటోమేషన్‌లో ఈ వరుస ఇలాగే ఉందో లేదో ఒక టెస్ట్ యూజర్‌తో చూసుకోండి.

ప్రశ్న: ‘ఆల్ ఇంజినీర్స్’ అనే గ్రూపులో నాలుగు టీముల గ్రూపులు పెట్టాం. ఎంట్రా నుంచి బయటి యాప్‌కి సింక్ పెడితే ఒక్కరూ వెళ్లలేదు.

జవాబు: ఎంట్రా నుంచి యాప్‌లకు యూజర్లను పంపే ప్రొవిజనింగ్ అనే ఏర్పాటు, గ్రూపులో నేరుగా ఉన్నవాళ్లనే తీసుకుంటుంది, లోపలి గ్రూపుల్లోకి వెళ్లదు. నాలుగింటినీ విడివిడిగా యాప్‌కి కేటాయించండి. మొదటి విడత అయ్యాక మార్పులు దాదాపు 40 నిమిషాలకోసారి వెళ్తాయి, కాబట్టి వెంటనే కనబడలేదని కంగారుపడొద్దు.

ఈ సింక్‌లు చాలావరకు స్కిమ్ అనే, యూజర్ల వివరాలను ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి పంపే ప్రమాణం మీద నడుస్తాయి. 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7643, 7644 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రాలుగా వచ్చింది. దీంతో ఇంకో చిక్కు ఉంది. అమెజాన్ ఐడెంటిటీ సెంటర్ ఇచ్చే స్కిమ్ టోకెన్‌కి ఏడాదే గడువు. అది ముగిస్తే సింక్ ఆగిపోతుంది, పాత సభ్యులు మాత్రం అలాగే ఉండిపోతారు. లాగిన్లు నడుస్తూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గడువు తేదీని మీ ఒక్కరి క్యాలెండర్‌లో కాకుండా టీమ్ క్యాలెండర్‌లో రాసుకోండి.

ప్రశ్న: రెండు నెలల ప్రాజెక్టుకి బయటివాళ్లు వస్తారు. వాళ్లు ఏ రూల్‌కీ లొంగరు. వాళ్లనేం చేయాలి?

జవాబు: డైనమిక్ కాని మామూలు గ్రూపులో చేత్తోనే చేర్చండి, కానీ వెళ్లే తేదీ కూడా అప్పుడే పెట్టేయండి. గూగుల్‌లో గ్రూపు సభ్యత్వానికి గడువు పెట్టొచ్చు, ఆ రోజు దానంతటదే పోతుంది. ఎంట్రాలో పిమ్ (అధికారాన్ని కొంతసేపటికే ఇచ్చే ఏర్పాటు) వాడితే మనిషి అవసరమైనప్పుడు అడిగి, కొన్ని గంటలపాటే సభ్యుడవుతాడు. పని నిజంగా పొడిగించాల్సి వస్తే వాళ్లే అడుగుతారు.

రూల్స్ అన్నీ పెట్టాక రెండు అత్యవసర అడ్మిన్ అకౌంట్లను ఏ సింక్‌కీ, ఏ డైనమిక్ గ్రూపుకీ అందకుండా విడిగా ఉంచండి. వాటి పాస్‌వర్డులు ఎక్కడున్నాయో మీతోపాటు ఇంకొకరికి తెలియాలి. మూడు నెలలకోసారి వాటితో ఒకసారి లాగిన్ అయి చూడండి.