45 దాటాక మళ్లీ రాక్ క్లైంబింగ్ మొదలుపెడితే వేళ్లకు గాయం కాకుండా ఎలా చూసుకోవాలి?

కండరాల బలం కొన్ని వారాల్లోనే తిరిగొస్తుంది, కండరాలను ఎముకలకు కలిపే తాళ్లలాంటి టెండన్లు గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. చిక్కంతా అక్కడే. ఒంట్లో సత్తువ ఉంది కదా అని సన్నటి రాతి అంచును వేళ్లు బాగా మడిచి, పైన బొటనవేలు అదిమి పట్టుకుంటే వేలి మొదట్లో ఉండే ఏ2 పుల్లీ మీద విపరీతమైన భారం పడుతుంది. టెండన్‌ను ఎముకకు ఆనించి ఉంచే పట్టీ అది.

అందుకే మొదటి మూడు నెలలూ పెద్ద పట్టులున్న సులువైన రూట్లే ఎక్కండి. వేళ్లు చాచి పట్టుకోండి. వారానికి రెండు రోజులు చాలు, మధ్యలో విశ్రాంతి తప్పనిసరి.

వేలు టప్పుమని నొప్పి పుడితే వెంటనే దిగిపోండి. టేపు చుట్టుకుని ఎక్కేయడం మాత్రం దయచేసి వద్దు. ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించండి, పుల్లీ తెగిందో లేదో అల్ట్రాసౌండ్‌లో తెలుస్తుంది.