రాని గుర్రానికి పోసిన దాణా

అమ్మా, ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రీన్‌ప్లే నలభై పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆపకుండా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. వీడియో గేమ్‌కి కొనసాగింపుగా యానిమేషన్ సినిమా కథ రాశానంటే మాస్టారు ఏమనుకుంటారోనని ఉత్తరంలో తెగ భయపడ్డావు. అందులో భయపడాల్సిందేముంది? కథ అయిపోయాక కూడా అందులోని మనుషుల్ని వదల్లేకపోయావు కాబట్టే రాశావు. ఆ వదల్లేకపోవడమే అసలు సరుకు. మిగతాది పని, అది నేర్చుకోవచ్చు.

పెద్ద మాట ముందే చెప్పేస్తాను. నీ కథ మొదటి పేజీలోనే చచ్చిపోయిన మాంత్రికుడు సమాధి బద్దలుకొట్టుకుని లేస్తాడు. అక్కడే నా పెన్సిల్ ఆగిపోయింది. ఆటలో నీలాంటివాళ్లు ఎన్నో రాత్రులు నిద్ర మానుకుని వాణ్ణి చంపారు కదా. వాడు ఊరికే లేచి కూర్చుంటే ఆ కష్టమంతా ఏ గంగలో కలిసినట్టు? కొనసాగింపు కథకి శత్రువు మళ్లీ రావడం మొదలు కాకూడదమ్మా. మొదటి కథ తీర్చకుండా వదిలేసిన బాకీ ఏదో ఉంటుంది, దాన్ని వెతుక్కో.

నాకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి చెబుతాను. 1997 జనవరి 31న జపాన్‌లో స్క్వేర్ కంపెనీ 'ఫైనల్ ఫాంటసీ సెవెన్' అనే ఆట విడుదల చేసింది. ప్లేస్టేషన్ మీద మూడు సీడీల ఆట. కొన్నేళ్ల తర్వాత అది మా ఇంటికీ వచ్చింది. మా అబ్బాయి అప్పుడు హైస్కూల్లో ఉన్నాడు, వాడికి ఇంగ్లీషు చదవడం నెమ్మది. అందుకని పక్కన కూర్చుని తెర మీది మాటలు చదివి తెలుగులో చెప్పడం నా వంతు అయింది. ఆ ఆటలో మనుషులకి గొంతు లేదు. నీలం పెట్టెల్లో అక్షరాలు వస్తాయి, అంతే. బొమ్మలు కూడా అగ్గిపెట్టెలు అతికించినట్టుండేవి. అయినా మొదటి సీడీ చివర్లో, ఆటలోని విలన్ సెఫిరోత్ కత్తి దిగి, హీరో వెంట నడిచే పూలమ్మాయి ఏరిత్ చనిపోయిన రాత్రి మావాడు అన్నం ముట్టుకోలేదు.

ఆ ఘట్టం ఎలా కట్టారో చూడు. ఆమె చనిపోగానే ఒక పోరాటం వస్తుంది. మామూలుగా అయితే పోరాటం అనగానే హుషారు సంగీతం మొదలవుతుంది. ఇక్కడ మొదలవదు. నొబువో ఉయెమాత్సు ఆమె కోసం కట్టిన మెల్లని వరసే పోరాటం పొడుగునా సాగుతుంది. ఏడుస్తూనే కొట్టాలి. ఆ తర్వాత హీరో క్లౌడ్ ఆమెని చేతుల మీద ఎత్తుకుని నీళ్లలోకి దిగి వదిలిపెడతాడు. ఆట మాత్రం ఇంకా రెండు సీడీలు మిగిలే ఉంటుంది. ఆమె ఎలాగైనా తిరిగొస్తుందని మావాడు మూలమూలలా వెతికాడు. వాడొక్కడే కాదు, ప్రపంచమంతా వెతికారు. రాలేదు.

ఆట ముగింపులో లోకం గట్టెక్కుతుంది, ఆ వెంటనే కథ ఐదు వందల ఏళ్లు ముందుకి దూకేస్తుంది. మిగిలినవాళ్లు మర్నాడు పొద్దున్న లేచి ఏం చేశారో చూపించలేదు. ఇదీ బాకీ.

ఎనిమిదేళ్లకి, 2005 సెప్టెంబరులో, 'అడ్వెంట్ చిల్డ్రన్' అనే యానిమేషన్ సినిమా ఆ బాకీ తీర్చడానికి వచ్చింది. టెట్సుయా నొమురా దర్శకుడు, కజుషిగే నోజిమా రచయిత. ఇద్దరూ ఆట తయారీలో ఉన్నవాళ్లే. కథ ఆట అయిపోయిన రెండేళ్లకి మొదలవుతుంది. లోకాన్ని కాపాడిన క్లౌడ్ ఏం చేస్తున్నాడంటే, మోటర్‌సైకిల్ మీద పార్శిళ్లు అందిస్తున్నాడు! చిన్ననాటి స్నేహితురాలు టీఫా దగ్గరా, ఆమె పెంచే పిల్లల దగ్గరా ఉండడు. ఫోన్ ఎత్తడు. ఏరిత్ పూలు పెంచిన పాత చర్చిలో పడుకుంటాడు. ఊళ్లో పిల్లలకి జియోస్టిగ్మా అనే జబ్బు, ఒంటి మీద నల్లగా తేలుతుంది. అదే జబ్బు అతని ఎడమ చేతికీ ఉంది, బట్ట కప్పి దాస్తాడు. సెఫిరోత్ వస్తాడు, రాకుండా ఉండడు. కానీ చివరి ఘట్టంలో వస్తాడు. అప్పటిదాకా క్లౌడ్ పోరాడేది తన మీద తనకున్న నేరభావంతోనే.

ఫోన్ సన్నివేశం ఒకటుంది. వీలైతే ఒక్కో ఫ్రేమూ ఆపుకుని చూడు. ఏరిత్ చనిపోయిన ఆ పాత నగరంలోనే క్లౌడ్ మళ్లీ దెబ్బలు తింటాడు. పెనుగులాటలో అతని ఫోన్ జారి నీళ్లలో పడుతుంది. ఫోన్ మునిగిపోతుంటే అందులో దాచిన సందేశాలు ఒక్కొక్కటే వినిపిస్తాయి. తను ఎత్తకుండా వదిలేసిన స్నేహితుల గొంతులవి. అన్నిటి చివరా ఏరిత్ గొంతు వస్తుంది. నిన్ను నేనెప్పుడూ తప్పు పట్టలేదని చెబుతుంది. చనిపోయిన మనిషి ఫోన్లో ఎలా మాట్లాడిందని అడగాలని తోచనే తోచదు. ఆటలో ఆమెకి అక్షరాలే తప్ప గొంతు లేదని చెప్పాను కదా. ఆమెని నీళ్లలో వదిలిన ఊరది. అదే ఊరి నీళ్లలోంచి ఇప్పుడు గొంతు వచ్చింది. ఆట చెయ్యలేని పని సినిమా చేసింది. నువ్వు ప్రతి సన్నివేశానికీ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: ఇది ఆటలో జరగడానికి వీలుందా? ఉంటే సినిమాలో ఎందుకు?

ఆడేవాళ్ల దగ్గర నువ్వు రిమోట్ లాగేసుకుంటున్నావమ్మా, అది మరిచిపోకు. ఆటలో హీరో వేలు కదిపితే అది వాళ్ల వేలే. సినిమాలో ఊరికే కూర్చుని చూడాలి. చేతుల్లోంచి తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి ఇవ్వాలి. ఆ సినిమా కొన్నిచోట్ల చక్కగా ఇచ్చింది. ఆటలో ప్రతి గెలుపుకీ ఒక చిన్న బాకా సంగీతం వస్తుంది, ఆడినవాళ్లు వందలసార్లు విన్నది. సినిమాలో టీఫా చర్చిలో లోజ్ అనే శత్రువుని బల్లల మీద పడేసి కొడుతుంది. వాడు లేవడు. సరిగ్గా అప్పుడు ఆ బాకా మోగుతుంది. అమ్మయ్య, గెలిచాం అనుకుంటాం. తీరా చూస్తే అది వాడి ఫోన్ రింగ్‌టోన్! వాడు బల్ల తోసేసి లేచి తాపీగా ఫోన్ మాట్లాడతాడు. ఆ తర్వాత టీఫా ఓడిపోతుంది. ఆడేవాళ్ల అలవాటునే పట్టుకుని వాళ్లని భయపెట్టారు చూడు. నీ కథలో నువ్వాడిన ఆట గుర్తులు ఇరవై దాకా చల్లావు: ఎర్ర సీసా, ఎగిరే తాళంచెవి, ఇంకా ఏవేవో. ఒక్కటీ కథని కదపదు. రెండు ఉంచుకో, ఆ రెండూ పని చెయ్యాలి.

ఆ సినిమాలో నాకు నచ్చనిదీ చెప్పాలి. ఆట తెలియనివాళ్లకి అది అయోమయమే. మొదట్లో మార్లీన్ అనే పాప గొంతుతో పాత కథ గబగబా చెప్పిస్తారు, పేర్లు మీద పడిపోతాయి. అదయ్యాక మీకంతా తెలుసుగా అన్నట్టు నడుస్తుంది. పోరాటాలూ ఎక్కువే. కొన్ని అద్భుతం, స్నేహితులు ఒకరి తర్వాత ఒకరు క్లౌడ్‌ని చెయ్యందించి పైకి విసిరే ఘట్టం లాంటివి. ఆటలో వంతులవారీగా కొట్టే పద్ధతే అక్కడ స్నేహంగా మారిపోయింది, చివరి చెయ్యి ఏరిత్‌ది. మరికొన్ని ఉత్త గారడీ. 101 నిమిషాల ఆ సినిమాని 2009లో 126 నిమిషాలు చేసి మళ్లీ విడుదల చేశారు. అందులో డెంజెల్ అనే అనాథ పిల్లవాడి కథ పెంచారు. మొదటి కూర్పులో వాడెందుకంత కోపంగా ఉన్నాడో అందదు, రెండోదాంట్లో కడుపులో దేవినట్టవుతుంది. కోతలో ముందు పోయేది ఎప్పుడూ చిన్నవాళ్ల బాధే. నీ కథలో తోకచుక్క యుద్ధానికి తొమ్మిది పేజీలు, తండ్రి పోయిన పిల్లకి నాలుగు లైన్లు. తిరగెయ్యి.

నీ పద్నాలుగు పేజీల 'గత కథ' మాటా ఇక్కడే చెప్పేస్తాను. అదంతా తీసెయ్. ఎవరు ఎవర్ని ఎందుకు చంపారో తెలియకపోయినా ఫరవాలేదు, ఈ ఇంట్లో ఎవరో లేరన్న సంగతి తెలిస్తే చాలు.

ఇదంతా జపాన్ వాళ్ల కిటుకు అనుకోకు. మన భారతంలో పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయిన తర్వాత కథ ఆగిందా? స్త్రీపర్వం వస్తుంది. గాంధారి దివ్యదృష్టితో ఆ నేలని చూస్తూ ఒక్కొక్క శవాన్నీ గుర్తుపడుతుంది. గెలిచిన ధర్మరాజు నాకీ రాజ్యం వద్దంటాడు. పార్శిళ్లు మోసే క్లౌడ్‌ని మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ధర్మరాజే. తిక్కనగారి స్త్రీపర్వం తీసి ఓపిగ్గా చదువు. నీ సినిమాకి కావలసిన పాఠం అందులో ఉంది.

నా సొంత తప్పు ఒకటి నీకు చెప్పాలి. ముప్పై ఏళ్ల కిందట ఒక వారపత్రికలో నా సీరియల్ బాగా నడిచింది. రెండో భాగం రాయమన్నారు. మొదటి భాగంలో ఏట్లో కొట్టుకుపోయిన పెద్దకోడల్ని బతికించి తీసుకొచ్చాను, ఆవిడంటే పాఠకులకి ప్రాణం కదా అని. మూడో వారానికి ఒక కార్డు వచ్చింది. రాసినావిడ, వాళ్లమ్మ పోయిన నెలలోనే ఆ పెద్దకోడలి చావు చదివి ఇద్దరి కోసం కలిపి ఏడ్చిందట. ఇప్పుడు నేను ఒకరిని వెనక్కి తెచ్చేసరికి ఆ ఏడుపు తనకి కాకుండా పోయిందని రాసింది. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది. ఏరిత్‌ని ఆ సినిమావాళ్లు బతికించలేదు. గొంతు ఇచ్చారు, చెయ్యి ఇచ్చారు. ఆఖరికి చర్చి గుమ్మంలో ఒకసారి కనిపించి వెలుతురులోకి వెళ్లిపోతుంది. అందుకే వాళ్లంటే నాకంత గౌరవం.

డబ్బూ హంగూ గురించి రాశావు, మన దగ్గర అలాంటి బొమ్మలు ఎవరు చేస్తారని. ఆ స్క్వేర్ కంపెనీయే 2001లో 'ఫైనల్ ఫాంటసీ' పేరు మీదే 'ద స్పిరిట్స్ వితిన్' అనే సినిమా తీసింది. ఆటల్లోని మనుషులెవరూ అందులో లేరు. కథానాయిక తల మీద అరవై వేల వెంట్రుకల్ని విడివిడిగా కదిలించారు. 13 కోట్ల 70 లక్షల డాలర్లు ఖర్చుపెడితే వచ్చినవి 8 కోట్ల 50 లక్షలు. హవాయిలోని ఆ స్టూడియో మూతపడింది. ఆ వెంట్రుకల గొప్ప ఇవాళ ఎవరికీ గుర్తులేదు. 'అడ్వెంట్ చిల్డ్రన్'ని మొదట ఇరవై నిమిషాల బొమ్మగానే అనుకున్నారు. చెప్పాల్సింది పెరుగుతుంటే సినిమా పెరిగింది. నువ్వూ ఇరవై నిమిషాలకే రాయి.

సంభాషణల మాట. నీ వీరులు "నేను నిన్ను అంతం చేసెదను" అంటున్నారు. డబ్బింగ్ సినిమాల్లో తప్ప ఎవరంటారమ్మా అలాగ? నువ్వూ మీ తమ్ముడూ ఆడేటప్పుడు ఎలా అరుచుకుంటారో గుర్తు తెచ్చుకో. "ఒరేయ్, నన్ను లేపరా, చచ్చిపోతున్నా!" అందులో ప్రాణం ఉంది. రాజ్యాల పేర్లు ఎంత వింతగానైనా పెట్టు, ఆకలేసినప్పుడు మనుషులు మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడాలి.

ఇంకొకటి. నువ్వు కథ అల్లిన ఆట హక్కులు నీవి కావు. దీన్ని అమ్మాలని చూడకు, చెయ్యి తిరగడానికి రాసుకో. చెయ్యి తిరిగాక లోకం కూడా నీదే కట్టుకుందువుగాని.

ఇప్పుడు నీ ఇరవై ఆరో పేజీకి వస్తాను. అక్కడ సత్రం నడిపే ఆవిడ తెల్లారుజామున గుర్రాలకి దాణా పోస్తుంటుంది. అన్ని తొట్లలో పోసి, చివరి తొట్టిలోనూ ఒక దోసెడు పోస్తుంది. ఆ గుర్రం యుద్ధం నుంచి రాలేదు. ఒక్క క్షణం అలాగే నిలబడి, ఆ దాణా మళ్లీ తన కొంగులోకి ఎత్తుకుంటుంది. ఒక్క మాట లేదు. దాన్ని నువ్వు రెండు యుద్ధాల మధ్య దారి మలుపులా వాడుకుని వదిలేశావు. నేను ఆ పేజీ మీద పెన్సిల్ పెట్టలేకపోయాను. సినిమా అక్కడ మొదలవుతుంది. మాంత్రికుడు కావాలంటే తర్వాత వస్తాడు, లేదా రాడు.

పండక్కి వచ్చేటప్పుడు ఆ ఇరవై నిమిషాలు రాసి తీసుకురా. ఆ గుర్రం పేరు ఎక్కడా రాయలేదు నువ్వు. అదేమిటో, దాని మీద వెళ్లింది ఎవరో నాకు చెప్పాలి.

నీ
మాస్టారు