కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడిన మా అబ్బాయి అసిస్టెంట్ కోచ్ అవుతానంటున్నాడు. ఆ దారిలో బతుకుతెరువు ఉందా?

మీరు రాసింది ఇదీ: అబ్బాయి అమెరికాలోనే పుట్టాడు, కాలేజీ ఆటల్లో కింది అంచె అయిన డివిజన్ 3 కాలేజీలో ఆడుతున్నాడు, ఈ ఏడాదితో ఆట అయిపోతుంది, ఉద్యోగం చూసుకోమంటే కోచింగ్‌లోకి వెళ్తానంటున్నాడు. మా ఆయన ఆ పనిలోనే ఉన్నారు. అమెరికన్. కాలేజీలో పాయింట్ గార్డుగా, అంటే బంతి తెచ్చి ఆట నడిపించేవాడిగా ఆడి, యూరప్‌లో చిన్న లీగుల్లో కొన్నాళ్ళు తిరిగి, మోకాలు మొండికేశాక ఇటు వచ్చారు. నేను చెప్పేదంతా ఇంట్లోంచి చూసింది. ఆయన్ని అడిగితే ఇంత నిష్ఠూరంగా చెప్పరేమో.

ఆడాడన్న పేరు లోపలికి రానిస్తుంది. లోపలికొచ్చాక దానికి పెద్ద విలువ లేదు, అక్కడున్నవాళ్ళలో చాలామంది ఆడినవాళ్ళే. కాలేజీలో ఆటల మాస్టారంటే మనకి పీడీ గారు గుర్తొస్తారు. ఒక కాలేజీలో చేరి, కబడ్డీ నుంచి క్రికెట్ దాకా అన్నీ చూసుకుని, అక్కడే రిటైరవుతారు. ఇక్కడి అసిస్టెంట్ కోచ్ సంగతి వేరు. చాలాచోట్ల ఏడాది, రెండేళ్ళ కాంట్రాక్టు. పెట్టుకునేది హెడ్ కోచ్. ఆయన కుర్చీ కదిలితే వీళ్ళ కుర్చీలూ కదులుతాయి.

మొదట దొరికేది సాధారణంగా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పని. పీజీ ఫీజు కట్టక్కర్లేదు, చేతికి కాస్త స్టైపెండ్ వస్తుంది. ప్రాక్టీస్‌లో బంతులు అందివ్వడం, వీడియో కత్తిరించడం, ఎయిర్‌పోర్టుకి కారు తీసుకెళ్ళడం, చిన్న కాలేజీ అయితే జెర్సీలు ఉతికించడం కూడా. తర్వాత వీడియో కోఆర్డినేటర్, ఆపరేషన్స్ డైరెక్టర్ లాంటి మెట్లు. ఈ పదవుల్లో ఉన్నవాళ్ళు కోర్టు మీద కుర్రాళ్ళకి ఆట నేర్పకూడదన్న నిబంధన ఉండేది. 2023 జూలై నుంచి పై అంచె అయిన డివిజన్ 1లో మామూలు ముగ్గురు అసిస్టెంట్లతో పాటు మరో ఇద్దరు నేర్పడానికి అనుమతిచ్చారు. మీవాడి వయసు వాళ్ళకి అదొక మేలు.

సీజన్లో మా భోజనాల బల్ల మీద కంచాల కంటే లాప్‌టాప్ ఎక్కువసేపు ఉంటుంది. ఎదుటి జట్లను అసిస్టెంట్లు వంతులు వేసుకుంటారు. ఫలానా జట్టు తన వంతుకొస్తే అది ‘నా స్కౌట్’. వాళ్ళ పాత మ్యాచ్‌లన్నీ సినర్జీ అనే సాఫ్ట్‌వేర్‌లో తిరగేసి, ఫలానా షూటర్ ఎడమవైపు డ్రిబుల్ చేస్తే షాట్ కొడతాడా, పాస్ ఇస్తాడా, కోచ్ ఏ వేలు చూపిస్తే ఏ ప్లే ఆడతారు, ఇవన్నీ రాసుకుంటారు. ఇంత చేసి కుర్రాళ్ళకి చూపించేది చిన్న వీడియో. సాగదీస్తే వాళ్ళు వినరు. ఓ రాత్రి నాకు అర్థం కావట్లేదంటే ఉప్పు డబ్బాని పాయింట్ గార్డు చేసి, ఆవకాయ సీసాని రింగు దగ్గరుండే సెంటర్ చేశారు. ఎదుటివాళ్ళు మనవాడి దారికి అడ్డంగా మనిషిని నిలబెట్టి స్క్రీన్ పెట్టినప్పుడు మన ఆవకాయ వెనక్కి తగ్గి రింగు కాపాడితే ‘డ్రాప్’, ముందుకొచ్చి బంతి ఉన్నవాడికి అడ్డం పడితే ‘హెడ్జ్’. ఎవరి మీద ఏది వాడాలో తేల్చుకునేసరికి అర్ధరాత్రి దాటింది. మర్నాడు ఆ జట్టు చేతిలో చిత్తుగా ఓడారు, అది వేరే సంగతి.

అయితే ఉద్యోగం నిలబెట్టేది స్కౌట్ కాదు, రిక్రూటింగ్. మంచి కుర్రాళ్ళని తేగలిగినవాణ్ణి ఎవరూ వదులుకోరు. జూలై వచ్చిందంటే మా ఆయన ఇంట్లో ఉండరు. నైకీ లీగు వాళ్ళ పీచ్ జామ్ టోర్నమెంటు జరిగే నార్త్ అగస్టా దగ్గర్నుంచి ఎక్కడెక్కడి జిమ్ముల్లోనో కూర్చుని హైస్కూలు పిల్లల ఆట చూస్తుంటారు. పిల్లవాడితో మాట్లాడితే సరిపోదు. అమ్మ, మేనమామ, ఊళ్ళో కోచ్, అందరితోనూ కలుపుగోలుగా ఉండాలి. ఇప్పుడు దాని మీద, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళు పేరిచ్చే పోర్టల్ ఒకటి. 2018లో మొదలైంది, 2021 నుంచి ఏడాదిపాటు ఆటకి దూరంగా కూర్చోకుండానే కాలేజీ మారే వీలు వచ్చాక ఉధృతమైంది. అదే ఏడాది ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకోవడానికి అనుమతిచ్చారు. 2025 జూలై నుంచి కాలేజీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, తొలి ఏడాదికి ఒక్కో కాలేజీకి అన్ని ఆటలకీ కలిపి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల పరిమితి పెట్టారు. దాంతో మా ఆయన ఫోన్లో ఇప్పుడు ఆట గురించి మాటలు తక్కువ, లెక్కలు ఎక్కువ. జట్టులో ఉన్న కుర్రాడు వెళ్ళిపోకుండా చూసుకోవడం కూడా అసిస్టెంట్ నెత్తినే.

డబ్బు తిరిగేచోట తప్పు కూడా తిరుగుతుంది. 2017 సెప్టెంబరులో ఎఫ్‌బీఐ లంచాల కేసులో నలుగురు కాలేజీ కోచ్‌లను అరెస్టు చేసింది. నలుగురూ అసిస్టెంట్లే. హెడ్ కోచ్ ఒక్కరూ లేరు. ఈ సంగతి మీవాడికి తప్పకుండా చెప్పండి.

జీతాలు చెప్పమన్నారు. ఇంత అని చెప్పడం కష్టం. డివిజన్ 3లో చాలామంది పార్ట్‌టైమే, పగలు వేరే పని చేసుకుంటారు. డివిజన్ 1 చిన్న కాలేజీల్లో స్కూలు టీచరు జీతానికి అటూ ఇటూ. పెద్ద కాన్ఫరెన్సుల్లో, అంటే కాలేజీలు గుంపులుగా కట్టుకున్న లీగుల్లో, 5 లక్షల డాలర్లు దాటినవాళ్ళూ ఉన్నారు. 1990ల్లో అయితే కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంఘం ఒక తరగతి అసిస్టెంట్లకి ఏడాదికి 16 వేల డాలర్లకి మించి ఇవ్వకూడదని రూలు పెట్టింది. కోచ్‌లు కోర్టుకెళ్ళి గెలిచారు, చివరికి 1999లో 5 కోట్ల 45 లక్షల డాలర్లకి రాజీ కుదిరింది. ఆట మీద ప్రేమ ఉందిగా, తక్కువిచ్చినా చేస్తారులే అన్న ధోరణి కింది మెట్ల మీద ఇంకా పోలేదని నా అభిప్రాయం.

ఇక సీజన్ ముగిసే మార్చి. కొన్నేళ్ళ క్రితం ఒక కాలేజీలో ఉన్నప్పుడు కాన్ఫరెన్స్ టోర్నమెంట్లో తొలి మ్యాచ్‌కే ఇంటికొచ్చారు. మర్నాడు పొద్దున హెడ్ కోచ్‌ని తీసేశారు. మా ఆయనకి ఆ కబురు పైవాళ్ళు చెప్పలేదు, ఓ విలేకరి ట్వీట్ చూసి తెలుసుకున్నారు. జీతం జూన్ ఆఖరుదాకా, ఇంటి లీజు ఆగస్టుదాకా, పాప అప్పుడే ఆ స్కూల్లో కుదురుకుంది. ఆ రోజంతా ఆయన కారులో కూర్చుని ఫోన్లు చేస్తూనే ఉన్నారు. తన ఉద్యోగం కోసం అనుకున్నాను. కాదట, బెంచి మీద కూర్చునే ఓ కుర్రాడికి వేరే కాలేజీలో చోటు చూస్తున్నారట. నాకు ఒళ్ళు మండింది. కానీ తర్వాతి ఉద్యోగం వచ్చింది ఆ ఫోన్లలో మాట్లాడిన ఒక కోచ్ దగ్గరే. నా ఐటీ ఉద్యోగం ఇంటి నుంచి చేసేది కాబట్టి కొత్త ఉద్యోగం దొరికేదాకా ఆ నాలుగు నెలలూ గట్టెక్కాం.

టీవీలో చూసి లెక్క వేసుకోకండి. జాన్ షయర్ 2010లో జాతీయ టైటిల్ గెలిచిన డ్యూక్ యూనివర్సిటీ జట్టుకి కెప్టెన్, 2013లో అక్కడే కోచింగ్ సిబ్బందిలో చేరి 2022లో హెడ్ కోచ్ అయ్యాడు. హ్యూబర్ట్ డేవిస్ నార్త్ కెరొలైనా యూనివర్సిటీలో ఆడి, ఎన్‌బీఏలో 12 ఏళ్ళుండి, 2012లో అక్కడే అసిస్టెంటుగా చేరి 2021లో హెడ్ కోచ్ అయ్యాడు. వాళ్ళు పెద్దింటి బిడ్డలు. మీవాడు చూడాల్సింది టామీ లాయిడ్‌ని. విట్‌మన్ అనే చిన్న కాలేజీలో ఆడి, గొంజాగా యూనివర్సిటీలో 20 ఏళ్ళు అసిస్టెంటుగా ఉన్నాడు. తర్వాత ఎన్‌బీఏకి వెళ్ళిన డొమాంటాస్ సబోనిస్, జపాన్ నుంచి రుయి హచిమురా లాంటివాళ్ళని అక్కడికి తెచ్చినవాడు అతనే. 2021లో అరిజోనా యూనివర్సిటీకి హెడ్ కోచ్ అయ్యాడు, తొలి సీజన్లోనే 33 గెలిచి 4 ఓడాడు. కానీ మధ్యలో ఆ 20 ఏళ్ళున్నాయి.

అబ్బాయి నిజంగా దిగుతానంటే ముందు తన కోచ్‌తో మాట్లాడమనండి. ఎక్కడ దరఖాస్తు పెట్టినా వాళ్ళు మొదట ఫోన్ చేసేది ఆయనకే. ఎండాకాలంలో పెద్ద యూనివర్సిటీలు పిల్లల క్యాంపులు పెడతాయి, వాటిలో పనిచేయమనండి. డబ్బు పెద్దగా రాదు, మొహాలు తెలుస్తాయి. జాతీయ టోర్నమెంటు చివరి మ్యాచ్‌లు, అంటే ఫైనల్ ఫోర్, జరిగే ఊళ్ళోనే ఏటా కోచ్‌ల సంఘం సమావేశం ఉంటుంది, సగం ఉద్యోగాల మాటలు అక్కడి హోటల్ లాబీలోనే నడుస్తాయి. గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా చేరితే ఫీజు లేని ఆ పీజీని, రేపు కోచింగ్ కుదరకపోయినా పనికొచ్చే సబ్జెక్టులో చేయమనండి.

మీరు చేయగలిగింది ఒకటుంది. 26 ఏళ్ళు వచ్చేదాకా వాణ్ణి మీ హెల్త్ ఇన్సూరెన్స్‌లోనే ఉంచండి. మొదటి రెండు మూడు ఉద్యోగాల్లో అది దొరుకుతుందన్న నమ్మకం లేదు.