పేపరు మడిచాక ఎన్ని గుర్తున్నాయి?

ప్రశ్న: నాకు 67 ఏళ్లు. రిటైరైన టీచర్ని. రోజూ పేపరంతా చదువుతాను, సుడోకు నింపుతాను. అయినా బజారులో ఎదురుపడిన పాత శిష్యుడి పేరు నోటికి రాదు. ఇంకేం చెయ్యాలి?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సుడోకు మానక్కర్లేదు గానీ దానిమీద పెద్ద ఆశ పెట్టుకోకండి. రోజూ చేస్తే సుడోకులో చెయ్యి తిరుగుతుంది, అంతే. ఆ నేర్పు పేర్ల దగ్గర అక్కరకు రావడం తక్కువ. పేపరుతోనూ ఇదే చిక్కు. కళ్లముందు ఉన్నంతసేపు అంతా తెలిసినట్టే ఉంటుంది, ఎంత మిగిలిందో మడిచాక గానీ తేలదు. జ్ఞాపకం గట్టిపడేది మళ్లీ మళ్లీ చదివితే కాదు, చూడకుండా బయటికి తీస్తే.

ఇలా చేసి చూడండి. పేపరు మడిచి పావుగంట ఆగండి. కాఫీ అప్పుడే తాగండి. తర్వాత ఐదు వార్తలు ఒక కాగితం మీద రాయండి: ఎక్కడ జరిగింది, ఎవరు, ఎంత. గుర్తుకు రాకపోతే వెంటనే పేపరు తెరవకుండా అర నిమిషం తడుముకోండి. ఆ తడుములాటే అసలు కసరత్తు. చాలామంది ఇక్కడే విసిగి మానేస్తారు. రాశాక సరిచూసుకుని, అవే ఐదూ రాత్రి భోజనానికి ముందు ఒకసారి, మూడో రోజు ఒకసారి, వారం తర్వాత ఒకసారి గుర్తు చేసుకోండి. ఎడం పెంచుకుంటూ పోవాలి. ఒకే పూట పదిసార్లు వల్లెవేసింది మర్నాటికి నిలుస్తుందేమో గానీ నెలకు నిలవదు.

అష్టావధానం చూసినవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అవధాని పద్యం మొత్తం ఒక్క ఊపులో చెప్పడు. ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక పాదం చెప్పి తర్వాతి పృచ్ఛకుడి (ప్రశ్న అడిగేవారి) దగ్గరికి వెళ్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని మాటలతో అడ్డు తగులుతూనే ఉంటాడు. నాలుగు ఆవృత్తులూ అయ్యాక పద్యాలన్నీ ధారణ చేస్తాడు, అంటే గుర్తు తెచ్చుకుని మొత్తం చెబుతాడు. వదలడం, మళ్లీ పట్టుకోవడం. మనది తిక్కన జిల్లా కదా, భారతంలోంచి ఇంతవరకు నోటికి రాని పద్యం ఒకటి తీసుకోండి. మొదటిరోజు ఒక్క పాదం. రెండోరోజు పుస్తకం చూడకుండా ఆ పాదం చెప్పి, అప్పుడు రెండోది. వచ్చిన పద్యాలే చదువుకుంటే మనసుకు హాయిగా ఉంటుంది గానీ కసరత్తు కాదు.

ఇక పేర్లు. వయసుతో అందరికీ ముందు జారేవి అవే. గంట తర్వాతైనా గుర్తొస్తే కంగారుపడకండి. కొత్తవాళ్లు పరిచయమైతే పేరు పెట్టి ఒకసారి పిలవండి, వాళ్ల ఊరుతో ముడిపెట్టుకోండి, సెలవు తీసుకునేటప్పుడు మళ్లీ పేరు పెట్టి చెప్పండి.

ప్రశ్న: మా అత్తగారికి 72. చెప్పింది మర్చిపోతున్నారు, ఒకటి అడిగితే ఇంకొకటి చెబుతున్నారు. టీవీ మాత్రం వీధిచివరికి వినబడాలి.
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: మీ ఆఖరి వాక్యంలోనే సగం జవాబుంది. ముందు చెవులు చూపించండి. మాట సరిగ్గా చెవిన పడకపోతే గుర్తుండే ప్రశ్నే లేదు. పైగా వినడానికే మనసంతా ఖర్చయిపోతుంది. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం, డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు) ముప్పు పెంచేవాటిలో మనం సరిదిద్దుకోగలిగినవి 14 లెక్కగట్టింది. వినికిడి లోపం, వైద్యం చేయించని చూపులోపం, బీపీ, షుగరు, ఒంటరితనం అందులో ఉన్నాయి.

ఒక్కోసారి గుబిలి తీయిస్తేనే సరిపోతుంది. అగ్గిపుల్ల, పిన్నీసు మాత్రం వద్దు, గుబిలి ఇంకా లోపలికి పోతుంది. వినికిడి పరీక్షలో మిషను అవసరమని తేలితే, మొదటి వారం ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో రోజుకు గంటా రెండు గంటలు పెట్టించి, మెల్లగా పెంచండి. తొలిరోజే పెళ్లికి పెట్టుకెళ్తే గిన్నెల చప్పుడు, మేళం అన్నీ ఒక్కసారి మీదపడి, ఆ మిషను ఇక బీరువా దిగదు. మన కోస్తా ఉక్కకు చెమట చేరి పాడవుతుంది కాబట్టి రాత్రి తీసి పొడిగుడ్డతో తుడిచి, తేమ పీల్చే పొట్లం వేసిన డబ్బాలో ఉంచండి. వంటింట్లోంచి అరవకండి, ఎదురుగా వచ్చి మాట్లాడండి.

ప్రశ్న: నడక మంచిదంటారు. ఎంతసేపు?
– ఒక పాఠకుడు, పొదిలి

జవాబు: వారానికి 150 నిమిషాలు, అంటే రోజుకు అరగంట చొప్పున ఐదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం. రోహిణీకార్తెలో ఉదయం ఏడు గంటలలోపే ముగించండి. ఒంట్లో నీరు తగ్గినా తికమక వస్తుంది. దీనికి తోడు గోడ పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు, చేతులు ఆనకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం. పడి తలకు దెబ్బ తగలకుండా ఉండటమూ మెదడు కాపుదలే.

ప్రశ్న: జ్ఞాపకశక్తి మాత్రలు ఏవి మంచివి? చేపలు తింటే తెలివి పెరుగుతుందా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మాత్రలు కొనే డబ్బుతో ముందు బీ12, థైరాయిడ్, షుగరు పరీక్షలు చేయించండి. శాకాహారులకు, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర గానీ గ్యాస్ మాత్రలు గానీ ఏళ్లతరబడి వాడేవారికి బీ12 తగ్గుతుంది, మతిమరుపు వస్తుంది. ఇది భర్తీ చేసుకోగల లోటు. వారానికి రెండుసార్లు చేపల పులుసు మంచిదే. వంజరం ఖరీదనుకుంటే కానగంతలు తెచ్చుకోండి, వాటిలో మంచి కొవ్వు బాగా ఉంటుంది. వేపుడు చేస్తే ఆ లాభం తగ్గుతుంది. ఎండుచేపలు, ఊరగాయల లెక్క వేరు. ఉప్పు అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, ఒక టీస్పూను దాటకూడదు. దాటితే బీపీ, దాని వెంట మెదడు రక్తనాళాలకు చేటు.

ఇంట్లో ఉన్న మాత్రలు కూడా ఓసారి డాక్టరుకు చూపించండి. నిద్రమాత్రలు, మత్తు తెప్పించే కొన్ని జలుబు మాత్రలు పెద్దవాళ్లలో మరపు తెస్తాయి. నిద్రమాత్రలు ఏళ్లుగా వాడుతుంటే ఉన్నట్టుండి ఆపకండి, డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒకటి రెండు రోజుల్లోనే మాట తికమకపడితే అది వయసు కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ గానీ, రక్తంలో సోడియం తగ్గడం గానీ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాడుతున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని.